కంచుభటుడికి వేళ తెచ్చిన వకుళమాల

సముద్రపుటంచున శుక్తిపురమనే రాజ్యం ఉండేది. పోటు రాకముందే కోట తూములు మూసి, పాటు వేళ తెరిచే కంచుభటుడు దానికి కాపలా. ఒక మాంత్రికుడు శపించగా భటుడి గుండెలోని గడియారం రోజురోజుకీ వెనకబడసాగింది. తూములు ఆలస్యంగా మూతపడి వరిమళ్ళలో ఉప్పునీరు నిలిచింది. పున్నమి పోటు దగ్గరపడుతూంటే రాజుగారికి దిక్కుతోచలేదు.

"ఉత్తరపు కొండమీద చుక్కలు చూసి వేళ చెప్పే ముని ఉన్నారట. వెళ్ళి అడిగొస్తాను, నాన్నగారూ," అంది రాకుమారి వకుళమాల.

ఎండ చొరని కారడవిలో గండశిలుడనే రాక్షసుడు అడ్డుపడ్డాడు. దాహంతో తూలుతున్న ఆమెను చూసి జాలిపడి నీళ్ళిచ్చి, వచ్చిన పని అడిగి తెలుసుకున్నాడు.

"కొండెక్కడమెందుకు? పొద్దు పొడిచి తొమ్మిది ఘడియలైంది. నా ఇసుక గడియారానికి ఎవరినీ అడగాల్సిన పని లేదు," అన్నాడు.

"ప్రాణం నిలిపావు, నీ మేలు మరవను. అయినా మరొకరినీ అడగనీ," అని వకుళమాల చేతులు జోడించింది. అంతవరకు తనకెవరూ దణ్ణం పెట్టగా ఎరగని రాక్షసుడు మెత్తబడి దారి చూపాడు.

కొంతసేపటికి ఒక సరస్సు వచ్చింది. వేళ అడిగితే అక్కడి రాజహంస అయిదు ఘడియలేనంది. మరో ఘడియ ఎక్కి శిఖరం చేరితే ముని ఆరు ఘడియలైందంటూ ఎదురొచ్చాడు. ఇద్దరి మాటా కలిసింది. పొరపాటు రాక్షసుడిదేనని తేలింది.

"స్వామీ, ఇంటికి చేరేసరికి ఈ వేళ పాతబడుతుందే?"

"హంసను తీసుకెళ్ళు తల్లీ. నీ ప్రశ్న నాకు తెచ్చి నా జవాబు నీకు చేరుస్తుంది. దాని రాకపోకలకు పట్టిన కాలంలో సగం, అంటే జవాబు దారిలో ఉన్నంతసేపు, నా జవాబుకు కలుపుకో. భటుణ్ణి మాత్రం ఒక్కసారిగా ముందుకు తోయకు, చక్రాలు విరుగుతాయి. కొద్దికొద్దిగా తొందరపెట్టు."

"శాపం పోతుందా?"

"పోదు. కానీ తరచూ అడిగి సరిచేసుకునేవాణ్ణి అదేమీ చేయలేదు."

వకుళమాల కోట చేరి అలాగే చేసింది. పున్నమినాడు సముద్రం కొండంత ఎత్తు లేచింది. అంతకు ముందే తూములు మూతపడ్డాయి. మళ్ళు నిలిచాయి. రైతులు కళ్ళనీళ్ళతో హంస పాదాలకు పసుపు రాశారు.

రాజు సంతోషించి కూతురికి పట్టం కట్టాడు. ఆ ఏటి నుంచి శుక్తిపురంలో తొలి కోత వడ్లు కొండసరస్సు ఒడ్డుకే చేరేవి. హంస తిన్నాకే రాణి వకుళమాల ఆ కొత్తబియ్యపు అన్నం ముట్టేది.