చింతగింజ కెర్నెల్

రైల్వే సిగ్నల్ సెంటర్ ప్రోగ్రామర్‌ను పట్టపగలు ఆఫీసు మెట్ల మీదే కాల్చి చంపారు. సైలెన్సర్ వాడారు. టైరు పంక్చరయిందనుకుని గేటు దగ్గరి గార్డు తల కూడా తిప్పలేదు.

ఆ మధ్యాహ్నమే ఏజెంట్ ముంగిసకు బాస్ దగ్గర్నుంచి పిలుపొచ్చింది.

"సిగ్నళ్లు నడిపే కంప్యూటర్లు ఉన్నట్టుండి క్రాషై కూలుతున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ కెర్నెల్. అందులో విదేశీ ముఠా ఏదో విషం కలుపుతోంది. చనిపోయిన ప్రోగ్రామర్ అది పసిగట్టినట్టున్నాడు. మనలో ఒకరు వాళ్లకి కోడ్ అందిస్తున్నారు," అన్నాడు బాస్.

"కూలింది ఏ బిల్డ్ సార్? అంటే, కోడ్‌తో తయారైన ఏ ప్రతి?"

"అన్నిటికీ ఒకటే వెర్షన్ నంబరు."

"రోగం అక్కడే ఉంది. ఊళ్లో అందరికీ ఒకే పేరు పెట్టి దొంగని పట్టుకోమంటే ఎలా? ప్రతి బిల్డ్‌కీ వెర్షన్ చివర ఒక లేబుల్ తగిలిస్తాను. కూలేటప్పుడు తెర మీద తన పేరు తనే చెప్పుకుంటుంది."

"వద్దు. శత్రువు జాగ్రత్తపడతాడు. ఇది ఆర్డర్."

ముంగిస సెల్యూట్ కొట్టింది. 'అలాగే' అని మాత్రం అనలేదు.

మర్నాడు ఏసీ మెకానిక్ వేషంలో సిగ్నల్ సెంటర్‌లో దిగింది. భుజాన పనిముట్ల సంచి, అందులో స్క్రూడ్రైవర్ పిడిలో దాచిన పెన్‌డ్రైవ్.

"ఏసీ కారుతోందా?" అంది ముందే అనుకున్న సంకేతం ప్రకారం.

"కారడం కాదు, ఏడుస్తోంది," అన్నాడు బట్టతల ఇంజనీరు.

అతని పక్కనే పగడాల జూకాలు ఊపుతూ ఒక అందగత్తె. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు పగడం. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. "నువ్వొచ్చావుగా అక్కా, ఇక నాకు భయం లేదు," అంది తేనె ఒలికిస్తూ.

ముంగిస కెర్నెల్ కోడ్ శుభ్రం చేసి, తను తయారుచేసిన బిల్డ్‌కు 'కాపలా' అని లేబుల్ పెట్టింది. తర్వాత అదే కోడ్‌ను మూడు కాపీలు తీసింది. లోపల ఎవరి కంటా పడని చోట, కూలినప్పుడే తెర మీదకొచ్చేలా, ఒక్కోదానికి ఒక్కో లేబుల్. బాస్‌కు పంపినది 'గవ్వ'. ఇంజనీరుకిచ్చినది 'గులకరాయి'. పగడానికిచ్చినది 'చింతగింజ'.

"నాకేమైనా అయితే పనికొస్తుంది, భద్రంగా దాచండి," అని ఎవరికి వారికే విడిగా చెప్పింది.

వారం తిరక్కముందే మెయిన్ కంప్యూటర్ కూలింది. ఒకే పట్టాల మీద ఇటునుంచి ప్యాసింజర్ బండి, అటునుంచి ఆయిల్ ట్యాంకర్ల బండి. రెండింటికీ పచ్చ దీపమే.

తెర నిండా ఎర్రర్లు. వాటి మధ్య వెర్షన్ నంబరు, దాని చివర 'చింతగింజ'.

ముంగిస కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసింది. తెర మీదకొచ్చిన బిల్డ్‌ల పేర్లలో 'కాపలా' మీదకు వెళ్లింది. చెవి వెనక పిస్టల్ చల్లగా తగిలింది.

"కీబోర్డు వదులు అక్కా."

"వదలను."

"కాలుస్తాను."

"కాల్చు. మీవాళ్లు విషం కలిపి ఇక్కడ ఎక్కించారుగానీ, నేను లోపల దాచిన పేరు వాళ్ల కంట పడలేదు. నీ ఒక్కదానికే నేనిచ్చిన కాపీ, నువ్వు వాళ్లకి చేరవేసిన కాపీయే ఇది. నన్ను చంపినా తెర మీద నీ గుట్టే ఉంటుంది."

పగడం చూపు ఒక్క క్షణం తెర మీదకు జారింది. ముంగిస ఎంటర్ నొక్కింది. ఇంజనీరు ఏసీ మూత ఊడబెరికి పగడం చేతి మీద బాదాడు. తూటా సీలింగ్‌లో దిగింది. ముంగిస పిస్టల్ లాక్కుని ఆమె చేతులు వెనక్కి విరిచింది.

తెర మీద వరసలు పరిగెడుతున్నాయి. దీపాలు రెండూ ఎర్రబడ్డాయి. రెండు ఇంజన్లూ కీచుమంటూ వచ్చి, దాదాపు ముక్కులు రాసుకునేంత దగ్గర్లో ఆగాయి.

సాయంత్రం బాస్ రిపోర్టు చదివి కళ్లజోడు తీశాడు.

"ఆర్డర్ ధిక్కరించావు."

"అవును సార్. మళ్లీ అవసరమైతే మళ్లీ ధిక్కరిస్తాను."

ఆయన గొంతు తగ్గింది. "అది సరే... 'గవ్వ' ఏంటి? అంటే నన్ను కూడా అనుమానించావా?"

"ఛ, మిమ్మల్ని 'కూడా' ఏంటి సార్? ముందు మిమ్మల్నే!"