అప్పలకొండమ్మ మనవరాలు

బుట్ట మూత తెరవగానే అప్పలకొండమ్మ గొంతులో శుభవార్త వినిపించింది.

"ఓలమ్మా, మా కోడలు నీళ్ళాడిందే. ఆడపిల్ల. పాదు మీంచి బీరకాయ కోసినంత సులువుగా కనేసింది. నువ్వూ ఊరికే భయపడకే తల్లీ."

కుముద చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది. తొడిమ ముల్లు వేలికి గుచ్చుకున్నా ఆమెకు నవ్వే వచ్చింది.

విశాఖలో కూరగాయల దుకాణాలు ఎప్పుడో మూతపడ్డాయి. తెల్లవారేసరికి ప్రతి కిటికీ ముందూ ఒక పలుకుబుట్ట వాలుతుంది. కొండ అవతలి పొలంలో అప్పుడే కోసిన కాయలు, వాటితో పాటు ఆ రైతు గొంతూ అందులో వస్తాయి. జవాబు చెప్పి మూత వేస్తే బుట్ట తిరిగి ఎగిరిపోతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన కుముదకు పొద్దుటి పూట అంతకు మించిన సంబరం లేదు. కాయలకంటిన తడిమట్టిని వెంటనే కడిగేది కాదు, ముందు వాసన చూసేది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని బుట్టలో ఒక సున్నుండో, గుప్పెడు అటుకులో పెట్టి పంపేది.

ఎవరికీ చెప్పనివి కూడా ఆ బుట్టకే చెప్పింది. భర్త నిరంజన్ స్నానాల గదిలో పాడే పాటలు భరించలేకపోతున్నానంది. తనను కంటూనే అమ్మ పోయిందనీ, అందుకే పిల్లలంటే వణుకనీ చెప్పింది. పాటలు మర్నాడే ఆగిపోయాయి. తన అదృష్టానికి తనే మురిసిపోయింది.

పురిటి కబురు విన్నాక చూడ్డానికి వెళ్ళకుండా ఎలా ఉంటుంది? దాచుకున్న అమ్మ నూలుచీరతో బొంత కుట్టింది. బాలింతకు పెట్టే కాయం మందు చేసి సీసాకెత్తింది. తనది ఎగురుబండ్ల దారులు చూసే ఉద్యోగమని నిరంజన్ ఆమెకు చెప్పాడు. అతను విని, అంత దూరం ఎందుకు, బుట్టలో పెట్టి పంపితే చాలదా అన్నాడు. పసిబిడ్డను బుట్టలో చూస్తారా అని నవ్వి, ఆమె బస్సెక్కింది.

బుట్ట మీదున్న చిరునామాలో పొలం లేదు. కిటికీలు లేని పెద్ద గిడ్డంగి ఉంది. ఎక్కడినుంచో వచ్చిన చల్లటి పెట్టెల్లోంచి కాయలు కదిలే పట్టీ మీదికి జారుతుంటే, పైనున్న గొట్టం వాటి మీద తడిమట్టి చల్లుతోంది. గేటు దగ్గర చాలామంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకరి చేతిలో ఉగ్గుగిన్నె, ఒకరి చేతిలో వెండి మొలతాడు. అందరూ అప్పలకొండమ్మ మనవరాలిని చూడ్డానికి వచ్చినవాళ్ళే.

బుట్టలు కడిగే మనిషి వాళ్ళను చూసి తలపట్టుకుంది.

"అప్పలకొండమ్మని ఎవులూ లేరమ్మా. ఆ పలుకులన్నీ నిరంజన్ బాబు అల్లుతారు. మీరు సెప్పినవీ ఆయనకే ఎల్తాయి. కొత్త పెళ్ళికొడుకు కదా, ఈమజ్జి బలే రాస్తన్నారు."

కుముద బొంతను గుండెకు హత్తుకుని గేటు పక్కనే కూర్చుండిపోయింది. పాటలు ఎందుకు ఆగాయో ఆమెకు అప్పుడు తెలిసింది.

మొలతాడు తెచ్చిన పెద్దావిడ పక్కన చేరింది. దేవరాపల్లి వైపు ఒక కుటుంబం ఇంకా సొంతానికి వంగ, బీర పండించుకుంటోందట. అడిగితే అమ్ముతారట. వాళ్ళ కాయలకు పుచ్చులుంటాయి, అయినా ఏ మడిలో కాశాయో వేలు పెట్టి చూపిస్తారు అందావిడ.

సాయంత్రం నిరంజన్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. బల్ల మీద బొంత కనిపించింది. ముందు అబద్ధం వెతుక్కున్నాడు, దొరకలేదు.

"నీ భయం పోగొడదామనే ఆ పాపను పుట్టించాను కుముదా. నేను చెబితే వినవని..."

"నువ్వు చెప్పలేదుగా. ఒక్కసారైనా చెప్పి చూశావా?"

ఆమె బొంతను మడిచి సంచిలో పెట్టుకుంది. పెట్టుకుంటూ మామూలు గొంతుతోనే, రేపు బుట్ట వాలకముందే ఆ ఆడవాళ్ళందరితో కలిసి దేవరాపల్లి వెళ్తున్నానని చెప్పింది. పుచ్చులున్నా సరే, ఇకమీదట కూర అక్కడిదే. అక్కడ పసిబిడ్డ ఉంటే బొంత ఇచ్చేస్తుంది, లేకపోతే తిరిగి తెచ్చుకుంటుంది.

"నేనూ రానా?"

"వద్దు. నువ్వు ఇంట్లో ఉండు. పొద్దున్నే బుట్ట వస్తుంది. పాప ఎలా ఉందో అప్పలకొండమ్మను నువ్వే అడుగు."