ఆరో చెరువు రీడింగు

కైకలూరు దాటాక చెరువుగట్ల మీద సాయంత్రం మబ్బు దిగి ఉంది. పొద్దున్నించీ ఐదు చెరువులు తిరిగిన విజయదుర్గ, ఆరో చెరువు షెడ్డులోకొచ్చి నులకమంచం మీద కూలబడింది. కాళ్లు తనవి కానట్టున్నాయి.

రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ చూసి ట్యాబ్‌లో ఎక్కించడం ఆమె ఉద్యోగం. ఆ ట్యాబ్ అంతకుముందు ఇదే పని చేసిన వెంకట్రాజుది. పోయిన నెల ఈ చెరువులోనే జారిపడి పోయాడు. ఆఫీసువాళ్లు అందులో ఉన్నదంతా చెరిపేసి ఆమె చేతికిచ్చారు.

చినుకులు పడ్డాయని ట్యాబ్‌కున్న కీబోర్డు ఊడదీసి, తుడిచి, ఎదురుగా బల్ల మీద ఆరబెట్టింది.

"ఎంతుందమ్మా ఆక్సిజను?" చెరువు కౌలుకి చేస్తున్న సుబ్బాయమ్మ గుమ్మంలోంచి అడిగింది. "నాలుగు దాటితే నీళ్లకి గాలి కొట్టే ఫ్యాన్లు ఆపేస్తాను. డీజిలు తెగ తాగేస్తన్నాయి. ఎల్లుండే కదా రొయ్యల పట్టుబడి."

గట్టు చివరిదాకా నడిచి, నీళ్లలో మీటరు ముంచాలి. లేవబుద్ధి కాలేదు. నిన్నటి అంకె చూసి, తెర మీద వేలితో అదే కొట్టింది. అందరూ చేసేదే.

"నాలుగు పాయింట్ రెండండి."

"చల్లని మాట చెప్పావు తల్లీ."

ఫ్యాన్లు ఆగాయి. నీళ్ల చప్పుడు ఆగింది. ఎక్కణ్ణించో పచ్చి బురద వాసన షెడ్డులోకి వచ్చి కూర్చుంది.

టిక్.

విజయదుర్గ కునుకులోంచి కళ్లు తెరిచింది.

టిక్... టిక్...

బల్ల మీద కీబోర్డు. మీటలు వాటంతటవే దిగుతున్నాయి, లేస్తున్నాయి. దానికి బ్యాటరీ లేదు. అంచునున్న పిన్నులు ట్యాబ్‌కి తగిలితేనే దానికి ప్రాణం. ట్యాబ్ తన ఒళ్లో ఉంది.

తెర మీద 4.2 చెరిగిపోయింది. 0.8 పడింది.

"ఎవరండీ..." గుమ్మంకేసి చూసింది.

టిక్... టిక్... టిక్...

తెర మీద అక్షరాలు పడ్డాయి: 'గట్టు మీదికి వెళ్లి చూడమ్మా.'

మీటరు పట్టుకుని పరుగెత్తింది. ముంచింది. 0.8. మసక వెలుతురులో నీటిపైన వేల మీసాలు... రొయ్యలన్నీ ఊపిరికోసం పైకి తేలుతున్నాయి.

"పిన్నిగారూ! ఫ్యాన్లు వెయ్యండి!"

"నాలుగన్నావు కదే!"

"చూళ్లేదండీ. చూడకుండా చెప్పాను."

సుబ్బాయమ్మ ఆమెకేసి ఒక్క క్షణం చూసి, ఇంజను దగ్గరికి ఉరికింది. గంట గడిచాక మీసాలు ఒక్కొక్కటే కిందకి దిగాయి.

"నా కొంప ముంచేదానివే," అంది చివరికి, గట్టు మీద చతికిలబడి. కోప్పడే ఓపిక కూడా లేదు ఆవిడకి. "మరి ఎలా తెలిసిందే నీకు?"

విజయదుర్గ వెనక్కి తిరిగింది. షెడ్డులోకెళ్లి ట్యాబ్ తీసింది. రీడింగు మార్చినందుకు సంతకం అడుగుతోంది, తెర అడుగున గుండ్రం మీద వేలు ఆనించమని.

చెయ్యి ఇంకా ఎత్తనేలేదు.

'వేలు సరిపోయింది. ధన్యవాదాలు.'

గుండ్రం మీద తడి వేలిముద్ర. బురద రంగుది, వెడల్పాటిది. చున్నీతో తుడిచింది. పోలేదు. గట్టిగా రుద్దింది. గోటితో గీకింది.

గాజు ఇవతల పొడిగానే ఉంది. తడి లోపలివైపుంది.