వెనక సీట్లో రాయి

ఫరీదాబాద్‌కు బదిలీ అయినవాడు ఎవడైనా సామాను లారీకెక్కించి, తాను రైలెక్కుతాడు. అశోక్‌కుమార్ మాత్రం కారు కొన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. బెంగళూరు పీణ్యలో తాను పనిచేసే కంపెనీ వాళ్ళు ఉత్తరాదిలో, ఢిల్లీ పక్కనే కొత్త ఫ్యాక్టరీ తెరిచి అక్కడికి రమ్మంటే, పెళ్ళాన్నీ ఆరేళ్ళ కూతుర్నీ కూర్చోబెట్టుకుని, దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా తానే నడుపుకుంటూ పోతానన్నాడు. ఎంతమంది వద్దన్నా వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

కారు పాతదే, తెల్ల మారుతి. అతని భార్య నళినికి పైకి కోపం, లోపల సంబరం. రోజుకు మూడుసార్లు అద్దాలు తుడిచేది. కూతురు వర్షిణి అయితే ఆగిన కారులోనే కూర్చుని అన్నం తింటానని పేచీ పెట్టేది. రెండువేల ఒకటో సంవత్సరం, వేసవి. బోర్లు ఎండిపోయి, బెంగళూరులో నీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే వీధి వీధంతా బిందెలతో పరిగెత్తే రోజులు.

బయల్దేరడానికి వారం ముందు, ఆదివారం నాడు, ఆనేకల్‌లో ఉన్న పెద్దమ్మ సొన్నమ్మకు చెప్పి రావడానికి వెళ్ళారు. తల్లి లేని అశోక్‌ను పెంచింది ఆవిడే. సంగటి ముద్దలు చేసి, పక్కన కూర్చుని తినిపించింది. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, చక్రాల కింద నిమ్మకాయలు తానే పెట్టింది. అంతదూరం ఎందుకప్పా అని ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడమే నళినికి బాధనిపించింది. ఎండ తగ్గాక ముగ్గురూ కారెక్కుతుంటే మాత్రం ఆవిడ మొహం మారింది.

"ముగ్గురేనా పోయేది? ముగ్గురు బయల్దేరకూడదప్పా, మంచిది కాదు. దోవలో ఒక రాయి తీసి ఎనక సీట్లో పెట్టుకోండి. అది నాలుగో మనిషి లెక్క."

అశోక్ తలూపాడు. మలుపు తిరగ్గానే నవ్వాడు. నళిని నవ్వలేదు. పెద్దావిడ మాట, పైగా ఆడపిల్ల ఉన్న బండి. రాయి పెడితే పోయేదేముంది, పెట్టకపోతే మనసులో ముల్లు అంది. ఊరు దాటాక, రోడ్డు పక్కన పంపుసెట్టు, సిమెంటు నీళ్ళతొట్టి కనిపించిన చోట అశోక్ విసుక్కుంటూ దిగాడు. తొట్టి పక్కనే అరచేతిలో పట్టేంత నున్నటి రాయి ఒకటి, నిలబెట్టినట్టు ఉంది. చుట్టూ నాలుగు మెతుకులు. ఎవరో కాకులకు వేసుంటారు. రాయికి నల్లగా ఏవో అంటుకుని ఉంటే చీమలనుకుని దులిపి, తెచ్చి వెనక సీట్లో పెట్టాడు.

"ఇదే మన నాలుగో మనిషి. నీ పక్కన కూర్చుంటుంది. బాగా చూసుకో," అంది నళిని కూతురితో. ఆటగానే అంది. తర్వాత ఆ మాట తలుచుకుని ఎన్నిసార్లు నాలిక కొరుక్కుందో లెక్కలేదు.

పొద్దు వాలింది. చందాపుర దాటేసరికి రోడ్డు మీద దుమ్ము, లారీల పొగ. అద్దాలు ఎత్తుకున్నారు. కాసేపటికి కారులో ఒక వాసన మొదలైంది. ఆరని బట్టల వాసన, అందులో వేయించని నువ్వుల వాసన. పెద్దమ్మ కట్టిచ్చిన మూటలో నువ్వులేమైనా ఉన్నాయేమోనని నళిని విప్పి చూసింది. అటుకులు, పచ్చడి, అంతే.

వెనక నుంచి గుసగుస వినిపించింది. పిల్ల తనలో తాను ఆడుకుంటోందనుకుంది. కానీ ఆ గుసగుస మధ్యలో ఆగుతోంది. ఎవరో చెబుతుంటే విన్నట్టు ఆగి, మళ్ళీ మొదలవుతోంది.

"ఎవరితో మాట్లాడుతున్నావు పాపా?"

"అవ్వతో."

"ఏ అవ్వ? సొన్నమ్మవ్వనా?"

"కాదు. ఈ అవ్వ. నీళ్ళు అడుగుతాండాది."

అశోక్ అద్దంలోంచి వెనక్కి చూశాడు.  బండి వేగం తగ్గింది. నళిని తిరిగి చూసింది. వర్షిణి ఒక తలుపుకు అతుక్కుని, ఒళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఇరుకు సీట్లో పక్కవాళ్ళకు చోటిచ్చినట్టు. ఆ పక్కన రాయి ఒక్కటే ఉంది. దాని కింద సీటు... కుంగి ఉంది. రాయి బరువుకు కాదు. వెడల్పుగా, మనిషి కూర్చుంటే కుంగేంత.

"నీ నీళ్ళ సీసా ఏది?"

పిల్ల ఖాళీ సీసా చూపించింది. మొత్తం పోసేశానంది. అవ్వకు ఇంకా దప్పిక తీరలేదంది.

నళిని చెయ్యి చాచి సీటు తడిమింది. పొడిగా ఉంది. రాయిని తాకింది. అదీ పొడిగానే ఉంది. కింద పట్టా మీద చుక్క లేదు. లీటరు నీళ్ళు... ఎక్కడికి పోయాయి?  భయమంటే ఏమిటో ఆ క్షణందాకా తనకు తెలియదని ఆమెకు తెలిసింది.

"ఆపండి," అంది. "ఏమండీ... ఆపండి."

హెబ్బగోడి దగ్గర దీపాల వెలుతురులో ఆపాడు. పిల్లను ముందు నళిని ఒళ్ళోకి లాక్కుంది. అశోక్ వెనక తలుపు తీసి, రాయిని అవతల పారేద్దామని పట్టుకున్నాడు. సాయంత్రం ఒంటిచేత్తో తెచ్చిన రాయి. ఇప్పుడు రెండు చేతులా పట్టినా... కదల్లేదు. చమటలు కక్కుతూ నిలబడి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ ఉండిపోయాడు. నవ్వే మనిషి మొహంలో నెత్తురు లేదు.

ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది. నళిని పిల్లను చంకనేసుకుని వెళ్ళి పెద్దమ్మకు ఫోను చేసింది. రాయి సంగతి ఎత్తీ ఎత్తకముందే అటువైపు సొన్నమ్మ అడ్డుపడింది. ఏ తొట్టి దగ్గర తీశారని అడిగింది. 

నళిని ఆ చోటు చెప్పాక, ఆవిడ మెల్లగా విషయం చెప్పింది. తమ ఊరి జయరామప్ప తల్లి ఓబులమ్మ పోయి మూడు రోజులైంది. చెరువులో నీళ్ళు లేక కర్మ ఆ తొట్టి దగ్గరే పెట్టుకున్నారు. పోయిన మనిషిని రాయిలో నిలిపి, పదో రోజు దాకా కొడుకు రోజూ నువ్వులూ నీళ్ళూ వదలాలి. మాపటి నీళ్ళు పోయడానికి వచ్చిన జయరామప్ప, రాయి కనబడక, ఊరంతా వెతుకుతున్నాడు.

"దానికి మీలో ఎవురైనా నీళ్ళు పోసినారా?"

ఒళ్ళో పిల్ల బరువుగా నిద్రపోతోంది. నళిని దాని మొహంలోకి చూసింది. పోసిందంటే ఏం చేస్తారో, పిల్లను ఏ తంతులో కూర్చోబెడతారో, ఎన్నాళ్ళు ఆపుతారో. 

"లేదు పెద్దమ్మా. ఎవరూ పోయలేదు."

"బతికించినావు తల్లీ. నీళ్ళు పోసినోళ్ళ ఎంబడే పోతాది అది. వాళ్ళే పది దినాలూ చేయాల."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. ఫోను పెట్టేసింది.

తిరిగి ఆ దారినే వెళ్ళారు. పిల్లను ముందు సీట్లోనే ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది నళిని. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తొట్టి దగ్గర టార్చిలైటుతో నిలబడ్డ జయరామప్ప ఒక్క మాట తూలలేదు. వంగి, రాయిని చులాగ్గా తీసుకుని, దాని చోట దాన్ని నిలబెట్టి, చెంబుతో నీళ్ళు పోశాడు. నీళ్ళు రాయి మీంచి జారి, మట్టిని తడిపి, పల్లానికి పారాయి. మామూలు నీళ్ళలాగే. అది చూసి అశోక్ ఊపిరి పీల్చుకున్నాడు. అది చూసే నళిని పిల్లను ఇంకా గట్టిగా హత్తుకుంది. పాప పోసినప్పుడు ఒక్క చుక్క కూడా జారలేదు.

ఆ వారమంతా నళిని మొగుడికి కూడా చెప్పకుండా కడుపులో దాచుకుంది. పిల్ల బాగానే ఉంది, ఆడుకుంటోంది, తింటోంది. రాత్రి మాత్రం మంచం అంచుకు జరిగి పడుకునేది. మధ్యకు జరిపితే మళ్ళీ అంచుకే పోయేది. ఊరు వదిలేస్తే అన్నీ సర్దుకుంటాయని నళిని రోజులు లెక్కపెట్టుకుంది.

బయల్దేరే రోజు రానే వచ్చింది. సామాను ముందురోజే లారీలో పోయింది. పదిగంటలకు ఖాళీ ఇంట్లో ఫోను మోగింది. సొన్నమ్మ. క్షేమంగా వెళ్ళి రమ్మని చెప్పి, గొంతు తగ్గించింది. ఈ రోజు ఓబులమ్మ పదో దినం. పొద్దున్నుంచి పిండం పెట్టుకుని కూర్చున్నారు. కాకి ముట్టడం లేదు. ఏం కోరిక మిగిలిందోనని కొడుకు అన్ని ప్రమాణాలూ చేశాడు. మనవడి పెళ్ళి చేస్తానన్నాడు, గొడవపడిన తమ్ముడితో కలిసిపోతానన్నాడు. కాకులు గోడ మీద కూర్చుని చూస్తున్నాయే గానీ దిగడం లేదట.

ఫోను పెట్టి నళిని పాప కోసం చూసింది. ఇంట్లో లేదు. మేడ మెట్లు ఎక్కింది.

మండుటెండ. మేడ మీద ఆకులో ఇడ్లీ ముక్కలు. ఆకు చుట్టూ నీళ్ళు పోసిన తడి. వర్షిణి దానికి వీపు తిప్పి, వెనక్కి చూడకుండా, ఒక్కో అడుగే వేసుకుంటూ మెట్ల వైపు వస్తోంది. అలా రావాలని దానికి ఎవరూ నేర్పలేదు. దాని వెనక ఆకు మీద కాకి వాలింది. ఒక్క ముక్క మిగల్చకుండా తింది.

నళిని మోకాళ్ళ మీద కూలబడి కూతురి భుజాలు పట్టుకుంది.

"ఏం చెప్పినావు పాపా... ఆ అవ్వకు ఏం చెప్పినావు?"

"ఢిల్లీ చూడాలంట. సరే, రా అవ్వా అన్నా."

కింద వీధిలో కారు తలుపు పడిన చప్పుడైంది. నళిని పిట్టగోడ పట్టుకుని తొంగిచూసింది. అశోక్ ఎదురంగడి దగ్గర, తాళాలు వేలికి తిప్పుకుంటూ, సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. కారు లోపల, వెనక అద్దం మెల్లగా కిందికి దిగుతోంది.