పడవ తాత మౌనం

పడవ తాత మౌనం పోయిన మర్నాడు పొద్దున, దాన్ని తీసేసిన అమ్మాయి మంచి పని చేశానన్న తృప్తితో కాఫీ తాగుతోంది. ఆఫీసులో ఆమెను అందరూ చీపురు అంటారు. వాళ్ళు తయారుచేస్తున్న వీడియో గేమ్‌లో ఎక్కడ తప్పు కనిపించినా ఊడ్చిపారేయడం ఆమె ఉద్యోగం.

బయట ముసురు పట్టింది. డిజైనర్ తడిసిన గొడుగు మూలన పెట్టి, నిన్నటి మార్పులు చేరిన కొత్త గేమ్ ఆడి చూసుకుని, మెల్లగా ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"తాత పోయాడండీ," అన్నాడు.

ఆమె కాఫీ కప్పు కింద పెట్టేసింది. "అయ్యో, ఎప్పుడు? మరి మీరు ఆఫీసుకెందుకొచ్చారు?"

"నిన్న సాయంత్రం. మీ చేతుల మీదుగానే."

అప్పటికి గానీ ఆమెకు వెలగలేదు. గేమ్‌లో ఒక రేవు ఉంది. అక్కడి పడవ తాతను దారి అడిగితే ఆయన కాసేపు పలకడు. ఆ తర్వాతే ఆయన జవాబు తెర మీద అక్షరాల్లో వస్తుంది. ఆడి చూసినవాళ్ళలో చాలామంది గేమ్ బిగుసుకుపోయిందని ఫిర్యాదు చేశారు. ఆమె ఆ ఆలస్యాన్ని కోడ్‌లో వెతికి పట్టుకుని చెరిపేసింది. ఇప్పుడు తాత అడగడమే ఆలస్యం, టకటకా చెప్పేస్తున్నాడు.

"అది బగ్ కాదండీ. నేను కావాలని పెట్టింది."

"కావాలని పెడితే ఒక ముక్క చెప్పాలి కదండీ. నాకేమైనా కలొస్తుందా?"

ఆమె మాటలో న్యాయం ఉంది. అతను తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి టీమ్ లీడ్ తేల్చేశాడు, టకటకా చెప్పే తాతే బాగున్నాడని. సాయంత్రం బొమ్మలు వేసే అక్క చెప్పిన సంగతి మాత్రం చీపురుకు మింగుడుపడలేదు. డిజైనర్‌కు కార్ల రేసు గేములు చేసే పెద్ద కంపెనీ నుంచి పిలుపొచ్చిందట. ఊగిసలాడుతున్నవాడు ఈ దెబ్బతో వెళ్ళడానికే మొగ్గాడట. ఆ పడవ తాత మరెవరో కాదు, నిరుడు పోయిన వాళ్ళ నాన్నగారట.

తను రోజూ పెందలాడే ఆఫీసుకొచ్చేది అతనితో దెబ్బలాడటానికేనని ఆమెకు ఆ సాయంత్రమే తెలిసింది.

మర్నాడు తనే కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"మీ నాన్నగారు వెంటనే పలికేవారు కాదా?"

"ఏదడిగినా అంతే. చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయేది."

"మరి విన్నారని ఎలా తెలిసేది?"

అతను ఆలోచించాడు. "చేతిలో పని ఆపేవాడు."

"మీ తాత చేతిలో పనే లేదు. రాయిలా కూర్చున్నాడు. ఆడేవాళ్ళకు ఆయన విన్నట్టు ఎలా తెలుస్తుంది? ముందు ఆయనకో పని ఇద్దాం."

తాత తాడు పేనడం మొదలుపెట్టాడు. అక్క చేతులు గీసింది. చీపురు కోడ్ రాసింది. బొటనవేలు అలా కాదు ఇలా అని గాలిలో చూపిస్తూ చూపిస్తూ డిజైనర్ కిటికీ వైపు తిరిగిపోయాడు. అతను మళ్ళీ ఇటు తిరిగేదాకా ఆమె స్క్రీన్ చూస్తూ కూర్చుంది.

లీడ్ ఆడాడు. దారి అడిగాడు. తాత తాడు పేనడం ఆపి తలెత్తాడు. ఎప్పుడూ బటన్లు టపటపా కొట్టే లీడ్ వేళ్ళు ఆగిపోయాయి. తాత జవాబు చెప్పేదాకా లీడ్ కదల్లేదు.

"ఉంచండి," అని లేచి వెళ్ళిపోయాడు.

బయటికొస్తే వాన. మెట్ల దగ్గర చీపురూ డిజైనరూ ఆగారు.

"ఇక కార్లు తోలడానికి వెళ్తున్నారా?" చెయ్యి చాచి వాన చినుకులు పట్టుకుంటూ అడిగిందామె.

"నువ్వు ఉండమంటే ఉంటాను."

ఇన్నాళ్ళ 'మీరు' ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ వెతకలేదు.

"ఉండమనే అంటున్నాను," అందామె. "నువ్వెళ్ళిపోతే నేనెవరితో పోట్లాడాలి?"

అతను నవ్వాడు. ఆ కంపెనీకి రానని అక్కడే, మెట్ల మీద నిలబడే ఫోన్ చేసి చెప్పేశాడు.

పడవ తాతకు గొంతు ఇంకా రికార్డు చేయలేదు. ఇద్దరి ఇళ్ళలోనూ తమ సంగతి ఇంకా చెప్పలేదు.