లేబుల్ మీద లేని మచ్చ

“ఇవాళ ఎవరో మన నూనె సీసా పట్టుకుని ఏడుస్తూ వస్తారు చూడు... నా మనసెందుకో కీడు శంకిస్తోంది,” అంది అమ్మ, సీసాలకు మూతలు బిగిస్తూ.

చిన్న కోడలు నవ్వింది. “మీ మనసు కీడు శంకించని రోజేదత్తయ్యా? మొన్న పాలు పొంగితేనే ఇల్లు కాలిపోయిందన్నారు.”

కానీ ఆ మధ్యాహ్నమే వీధి చివర కుట్టుపని ఆవిడ వచ్చింది. భుజం మీద మనవరాలు. పసిదాని వీపంతా ఎర్రగా పొక్కిపోయి ఉంది. సీసాను బల్ల మీద పెట్టి, గొంతు పెంచకుండానే అంది. “నీ కూతురి బొమ్మ చూసి కొని, దీని ఒంటికి రాశాను వదినా. ఆ బొమ్మనే నమ్మాను.”

అమ్మ చూపు సీసా మీది బొమ్మ మీద పడింది.

ఆ బొమ్మ ఆమె బుజ్జమ్మది. బడి మొహమైనా చూడకుండా జ్వరంతో పోయిన ఒక్కగానొక్క ఆడపిల్ల! వెనక గదిలో నూనె కాచుకునే భర్త, రెండు జడలతో ఉన్న కూతుర్ని తలచుకుని తలచుకుని గీసి, ‘బుజ్జమ్మ నూనె’ అని సీసాల మీద అంటించాడు. సీసా అమ్ముడైనంత కాలం పిల్ల ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంటుందనేవాడు. ఇప్పుడు ఆయనా లేడు... బొమ్మ మిగిలింది.

చిన్నకొడుకు సీసా తిప్పి చూశాడు. అదే పసుపు లేబుల్, అవే జడలు, అవే ఎర్ర రిబ్బన్లు. పేరు మాత్రం ‘మా బుజ్జమ్మ నూనె’. ఆ ‘మా’ చీమ తలకాయంత! మన గిరాకీ ఎటు పోతోందో ఇప్పుడు తెలిసిందని, వాడెవడైనా సరే కోర్టుకీడుస్తానని, లాయరు దగ్గరికి బయల్దేరబోయాడు.

అమ్మ సీసాను కొంగుతో తుడిచి కిటికీ వెలుగులో పట్టుకుంది. బొమ్మలో కుడి కనుబొమ్మ కింద చిన్న గాటు ఉంది... గడప మీద పడినప్పుడు తగిలిన గాటు. తమ లేబుల్ మీద అది లేదు. బిడ్డ మొహాన మచ్చెందుకని తండ్రి గీయలేదు. ఆ మచ్చ ఎరిగినవాళ్లెవరు? ఆయన పోయాడు. చిన్నవాడు అప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడు. ఇక మిగిలింది... వ్యాపారం తమ్ముడి చేతికిచ్చారని అలిగి ఇల్లు విడిచిపోయిన పెద్దవాడు.

నోరు విప్పితే అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుతారు. విప్పకపోతే ఇంకెందరు పసివాళ్ల వీపులు పొక్కుతాయో! ఒక్కరోజు ఆగమని చిన్నవాణ్ని బతిమాలింది గానీ, ఎందుకో చెప్పలేదు.

మర్నాడు లేబుల్ అడుగున ఉన్న చిరునామా వెతుక్కుంటూ బయల్దేరింది. దారిలో ఏ కొట్లో చూసినా బుజ్జమ్మే. ఒక అరలో మచ్చతో, పక్క అరలో మచ్చ లేకుండా... బస్సు కిటికీలోంచి చూస్తే గోడ మీదా అదే మొహం. “ఇద్దరిలో నేనెవరినమ్మా?” అని అడుగుతున్నట్టు ఆ కళ్లు మలుపు దాకా వెంట వచ్చాయి. నిజానికి ఏది తన బిడ్డో ఆమెకే తెలియలేదు. తనకు బాగా గుర్తున్నది ఆ మచ్చ ఉన్న మొహమే మరి...

రేకుల షెడ్డులో, నూనెలో కలిపే ఇంజిన్ ఆయిల్ వాసన గుప్పుమంది. పెద్దవాడు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, స్టూలు తుడిచి ముందుకు జరిపాడు. ఆమె తిట్టలేదు. పసిదాని వీపు సంగతి చెప్పింది. తమ్ముడు లాయరు దగ్గరికి బయల్దేరిన సంగతీ చెప్పింది. తర్వాత సీసాను ఒళ్లో పెట్టుకుంది.

“దొంగిలించేవాడు ఉన్నది ఉన్నట్టు దించుకుంటాడు కదరా... అందులో లేని మచ్చ నువ్వెందుకు గీశావు?”

వాడు తలొంచుకున్నాడు. గరాటులోంచి నూనె చుక్క చుక్కగా కారుతోంది. కాదంటాడేమో, పొమ్మంటాడేమో, అసలు నువ్వెవరంటాడేమో... ఆమె గుండె ఎన్ని కీడులు ఊహించాలో అన్నీ ఊహించింది. సీసా నిండి పొర్లింది. వాడు దాన్ని పక్కకు తీయలేదు. కారిన నూనె ఆమె పాదాల దాకా వచ్చింది. ఆమె కదల్లేదు.

వాడు వంగి, తువ్వాలుతో ఆమె పాదాల దగ్గరి నూనె తుడిచాడు.

“మచ్చ లేకపోతే అది చెల్లి కాదమ్మా... గీస్తుంటే చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది. ఈ సీసాలన్నీ ఇవాళే కొట్లనుంచి తెప్పించేస్తాను. ముందు పద, ఆ పాప దగ్గరికి తీసుకెళ్లు.”