ఓదెలు షెడ్డులో సాంచాల సప్పుడు

పొద్దుగూకితే ఓదెలు షెడ్డు ముందు నుంచి పోవద్దని సిరిసిల్లలో ఆ వాడ పిల్లలకు ఉగ్గుపాలతోనే చెప్తారట. నూలు రాక, నేసిన గుడ్డ పోక, ఓదెలు తన సాంచాల నడుమే ప్రాణం తీసుకున్నాడు. తర్వాత ఆ మరమగ్గాలను తుక్కు కింద అమ్మేశారు. ఇప్పుడు లోపల మిగిలింది గోడలూ, నూనె మరకలే. అయినా చీకటి పడితే సాంచాలు నడుస్తాయని చెప్పుకుంటారు... కరెంటు లేకుండానే.

ఆ షెడ్డుకు గోడవతల ఇల్లు వసంతది. కాపురమని పేరే గానీ ఉండేది ఒక్కతే. పని బందై, సాంచాలు నడిపే మొగుడు శ్రీశైలం మస్కట్ పోయి డ్రైవరుగా చేరాడు. తిరిగొచ్చినంక పిల్లలు, అని మాటిచ్చి మరీ పోయాడు. వసంత పగలంతా బీడీలు చుడుతుంది. బువ్వ తిన్నాక, బ్యాండుమేళం వాళ్ళ దగ్గర కొన్న పాత కీబోర్డు ముందేసుకుంటుంది.

ఆమె వాయించేది పాట కాదు. పల్లవి లేదు, చరణం లేదు. ఒక స్వరం నొక్కి, అది సన్నగిల్లేదాకా ఆగి, మళ్ళీ చేతికేది తోస్తే అది. వాన పడితే వాన, కుక్క మొరిగితే కుక్క... అన్నీ అందులోకే. ఫోన్ యాప్‌లో ఆడియో గది తెరిచి లైవ్ పెడితే, గల్ఫ్ క్యాంపుల్లో నిద్రపట్టని జగిత్యాల, కోరుట్ల పిల్లగాళ్ళు చేరి వింటారు. మొదలుపెట్టింది మాత్రం ఒక్కడి కోసమే. "నువ్వు వాయిస్తెనే నాకు నిద్ర వడ్తది" అన్నాడు శ్రీశైలం. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది పిచ్చిది.

అందుకే ఆ గదిలో తను కాక మైకున్నది అతనికొక్కడికే. కథకు ఊఁ కొట్టినట్టు, ఆమె వాయిస్తుంటే అతను ఊఁ కొడతాడు. ఊఁ ఆగిందంటే మొగుడు నిద్రపోయినట్టే. వెంటనే గది మూసేసి తనూ పడుకునేది. ఈమధ్య వినేవాళ్ళు "ఇంకొద్దిసేపు అక్కా" అని బతిమాలితే, అతను నిద్రపోయాక కూడా వాయించసాగింది.

అప్పుడు మొదలైంది.

దీపం ఆర్పేసి ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. టక్... టక్... టకటక టకటక...

సాంచ!

ఇయర్‌ఫోన్లు పీకేసింది. ఇల్లంతా నిశ్శబ్దం. గోడకు చెవి ఆనించింది. ఏమీ లేదు. మళ్ళీ పెట్టుకుంది — టకటక టకటక...

గది మూసేశాక చూస్తే, "అక్కా, సాంచ నడుస్తున్నది. మీ ఇంట్లనేనా?" అని వినేవాళ్ళు రాసి ఉన్నారు.

చెవికి వినబడనిది ఫోనుకు వినబడుతోంది! ఆ రాత్రి ఆమె కన్ను మూయలేదు. తెల్లారి పక్కింటి బాలవ్వకు చెప్పుకుంది.

"వాడు ఓదెలే బిడ్డా," అంది ముసలమ్మ గొంతు తగ్గించి. "నీ పెట్టె సప్పుడుకే లేత్తుండు. బంద్ వెట్టు."

"బంద్ వెడ్తె గాయినకు నిద్రెట్ల అవ్వా?"

"అయితె షెడ్డుల ఇంత కల్లు వంచి సాక వొయ్యి. సల్లవడ్తడు."

ఆ రాత్రి ఊఁ ఆగిన కాసేపటికే సాంచ అందుకుంది. వసంత కల్లు చెంబు పట్టుకుని లేచింది. ఈ సప్పుడు మొగుడి చెవిన పడి ఎక్కడ మేలుకుంటాడోనన్నదే ఆమె బెంగ.

షెడ్డులో నూనె వాసన. నేల మీద సాంచాలు బిగించిన గుంతలు. కంటికి ఒక్క సాంచ లేదు... చెవుల్లో మాత్రం టకటక టకటక...

"ఓదెలు మామా... దండం వెడ్త," అంది గుసగుసగా, కల్లు వంచుతూ. "ఆయన నిద్ర చెడగొట్టకు."

సాంచ ఆగలేదు.

వెలుతురు కోసం ఫోను తిప్పింది. వాయించేటప్పుడు కంట్లో వెలుగు పడకుండా ఎప్పుడూ దాన్ని బోర్లించే పెడుతుంది. ఎవరి మైకులో సప్పుడైతే వాళ్ళ ఫోటో చుట్టూ పచ్చటి గీత వెలుగుతుంది. ఆమె ఫోటో చుట్టూ ఏమీ లేదు.

శ్రీశైలం ఫోటో చుట్టూ... టక్ అన్నప్పుడల్లా వెలుగు.

ఊఁ ఆగితే ఆమె గది మూసేస్తుందన్న ధీమా. మైకు మూయకుండానే లేచిపోయాడు.

మస్కట్‌లో డ్రైవరుకు సాంచతో ఏం పని? అవతల సాంచ హఠాత్తుగా ఆగింది.

"బాపూ... బువ్వకు రావా? అమ్మ పిలుత్తంది..." చిన్నపిల్ల గొంతు.

"సాంచల నూలు కండె మార్చి అత్తున్న బిడ్డా."

శ్రీశైలమే. నిద్రమత్తన్నదే లేదు ఆ గొంతులో.

వసంత నూనె నేల మీదే కూలబడిపోయింది. ఇన్నాళ్ళు ఎవరిని నిద్రపుచ్చింది తను?

అందరూ విన్నారు. ఎవరో కోరుట్ల పిల్లగాడు నవ్వు బొమ్మలు పెట్టి రాశాడు: "అక్కా, దెయ్యానికి పెండ్లాం పిల్లలు సుత ఉన్నరా?"

ఆమె మైకు తెరిచే ఉంది.

"ఉన్నరు తమ్మీ," అంది వసంత. "నాకే ఎర్కలేదు."

అవతల గబుక్కున మైకు మూసుకుంది.